జేసీఆర్ లిక్‌లైడర్: హైబ్రిడ్ క్లౌడ్ చిక్కుముడిని 1963లోనే పట్టుకున్న సైకాలజిస్ట్

ముఖ్యమైన డేటా సొంత సర్వర్లలో.. మిగతా పని అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లో. ఈ రెండూ ఒకే సిస్టమ్‌లా కలిసి పనిచేస్తే అదే హైబ్రిడ్ క్లౌడ్. బ్యాంకులు, ఆస్పత్రుల్లో ఇప్పుడు తరచూ వినిపిస్తున్న మాట ఇది. అయితే ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లను కలిపితే వచ్చే అసలు చిక్కేంటో 60 ఏళ్ల క్రితమే గుర్తించిన వ్యక్తి ఇంజినీర్ కాదు, సైకాలజిస్ట్. ఆయనే జేసీఆర్ లిక్‌లైడర్.

1915 మార్చి 11న అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టారు. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫిజిక్స్, మ్యాథ్స్, సైకాలజీ చదివారు. 1942లో రోచెస్టర్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. మనిషి చెవి శబ్దాన్ని ఎలా పోల్చుకుంటుందన్నదే ఆయన పరిశోధన. 1950లో ఎంఐటీకి వచ్చారు.

1957లో ఆయనకో అనుమానం వచ్చింది. రోజంతా ఆలోచిస్తున్నానని అనుకుంటున్నా, నిజంగా ఆలోచిస్తున్నదెంత? తన పని గంటలను తానే లెక్క కట్టుకున్నారు. దాదాపు 85 శాతం సమయం సమాచారం వెతకడం, గ్రాఫులు గీయడం, లెక్కలు వేయడానికే పోతోందని తేలింది. ఆ చాకిరీ మెషీన్ చేస్తే మనిషి ఆలోచించొచ్చు కదా అన్నది ఆయన వాదన. 1960లో ఇదే విషయంపై రాసిన వ్యాసంతో కంప్యూటర్ రంగంలో ఆయన పేరు మారుమోగింది.

1962 అక్టోబర్‌లో అమెరికా రక్షణ శాఖకు చెందిన ఆర్పాలో చేరారు. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే, ఖరీదైన మెషీన్. దాన్ని ఒకేసారి చాలామంది పంచుకునే టైమ్ షేరింగ్‌కు ఆయన నిధులు ఇప్పించారు. ఎంఐటీలోని ప్రాజెక్ట్ మ్యాక్ అలా పుట్టిందే.

ఇక్కడే అసలు సమస్య ఎదురైంది. ఒక్కో సెంటర్‌ది ఒక్కో మెషీన్, ఒక్కో భాష. 1963 ఏప్రిల్ 23న సహచరులకు ఆయన ఓ మెమో పంపారు. ఆ బృందానికి సరదాగా పెట్టిన పేరు ఇంటర్‌గెలాక్టిక్ కంప్యూటర్ నెట్‌వర్క్. డేటా ఒకచోట, ప్రోగ్రామ్ మరోచోట ఉంటే పని ఎలా నడవాలి? ఏ భాషలో మాట్లాడుకోవాలి? మెమోలో ఆయన లేవనెత్తిన ప్రశ్నలివే. అన్ని కంప్యూటర్లూ ఎప్పుడూ కలిసే పనిచేయాలని ఆయన పట్టుబట్టలేదు. ఆ అవసరం అరుదుగానే రావచ్చు, అయినా కలిసే సత్తా మాత్రం ఉండాలన్నారు. సొంత మెషీన్‌ను వదలకుండానే అవసరమైతే బయటి మెషీన్‌ను వాడుకోవడం.. హైబ్రిడ్ క్లౌడ్ మూలసూత్రం కూడా ఇదే.

ఆ నెట్‌వర్క్ పని మొదలవకముందే 1964లో ఆయన ఆర్పాను వీడారు. ఆ తర్వాత అదే ఆఫీసు బాధ్యతలు చూసిన రాబర్ట్ టేలర్ గదిలో మూడు టెర్మినళ్లు ఉండేవి. మూడు ఊళ్ల కంప్యూటర్లకు మూడు రకాల కమాండ్లు కొట్టాల్సి వచ్చేది. ఆ తలనొప్పే ఆర్పానెట్‌కు దారితీసింది. 1969 అక్టోబర్ 29న తొలి సందేశం వెళ్లింది.

1990 జూన్ 26న, 75 ఏళ్ల వయసులో లిక్‌లైడర్ కన్నుమూశారు. అమెజాన్ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది 2006లో. అంటే క్లౌడ్ వ్యాపారాన్ని ఆయన చూడనేలేదు. కానీ సర్వర్లను క్లౌడ్‌తో కలపాలనుకునే ఏ సంస్థకైనా ముందు ఎదురయ్యేవి ఆయన అడిగిన ఆ పాత ప్రశ్నలే.