కవికోకిల గుఱ్ఱం జాషువా

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో హరిశ్చంద్ర నాటకము చూడని పెద్దలు అరుదు. కాటిసీను రాగానే చాపలపై నిద్రించు పిల్లలను సైతము తల్లులు తట్టి లేపెడివారు. ఆ సీనులో నటులు పాడు ప్రసిద్ధ పద్యములు కొన్ని నాటకకర్త బలిజేపల్లి వారివి కావు. జాషువా కవి శ్మశానవాటిలోనివి. హరిశ్చంద్రుని నోట మనము వినిన ఆ పద్యములు ఒక క్రైస్తవుడు వ్రాసినవని నాకు చాలకాలము తెలియదు. మన గ్రంథాలయమున గబ్బిలము చదివిన పిదపనే తెలిసినది.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు; కుటుంబము క్రైస్తవము. తొలుత మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతము. లెక్కలు వ్రాయువాడను గనుక ఆ మూడు రూపాయలను మరువలేను. ఆ కొలువును పోగా రాజమహేంద్రవరము చేరి, 1915-16లలో మూగ చలనచిత్రములకు కథ చెప్పి పొట్ట పోసికొనెను. తరువాత గుంటూరున లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదియేండ్లు, ఆపై తెలుగు పండితుడుగా 1942 వరకు పనిచేసెను.

జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి కడ కాళిదాసు కావ్యములు చదువుకొనుటయే ఆయనకు చిక్కులు తెచ్చినది. క్రైస్తవుడవై యీ చదువేమని సంఘపు పెద్దలు కినిసిరి. ఈ కులమువానికి కావ్యములేలయని తక్కినవారు ఈసడించిరి. గుడికిని చర్చికిని నడుమ నిలిచిన ఆ మనిషి పద్యమును మాత్రము విడువలేదు. 1932లో పిరదౌసి, 1941లో గబ్బిలము వెలువడినవి. గుడిలోనికి పోరాని అరుంధతీసుతుడు, అడ్డులేక పోగల గబ్బిలముచే కాశీ విశ్వేశ్వరునికి తన గోడు చెప్పి పంపును. క్రైస్తవ కవి శివునికి పంపిన విన్నపమిది! దీనిని చదివి నేను రెండు దినములు చిట్టా ముట్టలేదు.

కీర్తి వచ్చినది. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగిరి. ఒకనాడు సభలలో ఆయన రాకకే ముఖము చిట్లించిన వారుండగా, ఆ పాదమునే బ్రాహ్మణ మహాకవి తాకుట సామాన్యమా! బిరుదులకు లెక్కలేదు. అయినను కులమడుగుట మానినవారు తక్కువ. ఆ బాధ ఆయన ఆత్మకథయైన నా కథలో కనబడును.

వార్ధక్యమున ఆయన క్రీస్తు చరిత్రను పద్యకావ్యముగా రచించెను. పెద్దలు కినిసిన ఆ చదువే దానికి పెట్టుబడి. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ యేడే శాసనమండలి సభ్యత్వము, 1970లో పద్మభూషణము వచ్చినవి. 1971 జూలై 24న గుంటూరున పరమపదించెను.

మన గ్రంథాలయపు గబ్బిలము ప్రతికి ఇప్పటికి రెండుమారులు అట్ట వేయించితిమి. క్రీస్తు చరిత్ర ఇంకను కొత్తదివలెనే యున్నది. ఈ రజతోత్సవ వత్సరమున చందాదారులు దానినికూడ ఇంటికి తీసికొనిపోవలెనని నా కోరిక.