దెయ్యాలతో మాట్లాడిన రేడియో ప్రొఫెసర్

దెయ్యాలను నమ్మేవాళ్లంటే చదువు లేనివాళ్లో పిరికివాళ్లో అయ్యుంటారని మనలో చాలామందికి ఒక లెక్క ఉంటుంది. హాస్టల్లో అర్ధరాత్రి కరెంటు పోయినప్పుడు ఆ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అది వేరే విషయం. కానీ పట్టపగలు కూడా ఆ లెక్కలో ఇమడని మనిషి ఒకాయన ఉన్నాడు. సర్ ఆలివర్ లాడ్జ్. ఒక స్టేషన్ వింటుంటే పక్క స్టేషన్ అడ్డం రాకుండా చేసే ట్యూనింగ్ ఉంది కదా, దానికి 1897లో పేటెంట్ పెట్టిన ఫిజిక్స్ ప్రొఫెసర్. చనిపోయిన కొడుకుతో మాట్లాడుతున్నానని పెద్ద పుస్తకం రాసిందీ ఆయనే. ఈ రెండూ ఒక్క బుర్రలో ఎలా పట్టాయన్నది నాకు చాలా రోజులు కొరుకుడు పడలేదు.

1851 జూన్ 12న ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో పుట్టాడు. తండ్రి పింగాణీ సామాన్లు చేసేవాళ్లకు మట్టి అమ్మే వ్యాపారి. పద్నాలుగేళ్లకే కొడుకును బడి మాన్పించి వ్యాపారంలో పెట్టాడు. అయితే లండన్ వెళ్లినప్పుడు విన్న టిండాల్ సైన్స్ ఉపన్యాసాలు కుర్రాణ్ణి ఊరుకోనివ్వలేదు. ఇరవై రెండేళ్ల వయసులో మట్టి వ్యాపారం వదిలేసి చదువులో పడ్డాడు. 1877లో లండన్ యూనివర్సిటీ డాక్టరేట్, అదే ఏడాది పెళ్లి, 1881లో లివర్‌పూల్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం. తర్వాత పన్నెండు మంది పిల్లలు. ఆఖరి మగపిల్లాడి పేరు రేమండ్. ఆ పేరు గుర్తుంచుకోండి.

1888లో పిడుగుల మీద ప్రయోగాలు చేస్తూ లాడ్జ్ వైర్ల వెంట విద్యుదయస్కాంత తరంగాలను పట్టుకున్నాడు. ఆ సంతోషంలో ఆల్ప్స్ కొండలకు సెలవు మీద బయలుదేరి, దారిలో జర్నల్ తెరిస్తే హెర్ట్జ్ అనే జర్మన్ ఏకంగా గాలిలోనే వాటిని పట్టేసినట్టు ఉంది. ఇంకొకరైతే కుళ్లుకునేవారు. ఈయన మాత్రం హెర్ట్జ్‌ను మెచ్చుకుంటూ ఊరూరా చెప్పాడు. 1894లో హెర్ట్జ్ చనిపోతే, ఆయన పని మీద లండన్‌లో పెద్ద ఉపన్యాసం ఇచ్చి తరంగాలను అందరి ముందూ పట్టి చూపించాడు. కలకత్తాలో మన జగదీశ్ చంద్ర బోస్ ఆ దారి పట్టడానికి ఈ ఉపన్యాసమే ప్రేరణ.

ఆ ఉపన్యాసంలో వాడిన పరికరం పేరు కొహీరర్. గాజు గొట్టంలో లోహపు రజను. తరంగం తగలగానే రజను ఒకదానికొకటి అతుక్కుని కరెంటు పారుతుంది. ఒకసారి అతుక్కుంటే మాత్రం దానంతట అది విడిపోదు, గొట్టాన్ని తట్టాలి. తట్టకపోతే, కొత్త సిగ్నల్ వచ్చినా రాకపోయినా అది వచ్చిందనే చూపిస్తుంది.

ఇదే కాలంలో ఆయన రెండో పని కూడా నడుస్తోంది. దెయ్యాలు, టెలిపతీ లాంటివాటిని శాస్త్రీయంగా పరిశీలించడానికి 1882లో లండన్‌లో ఒక సొసైటీ పెట్టారు. లాడ్జ్ అందులో చేరి, తర్వాత దానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. 1889లో అమెరికా నుంచి మిసెస్ పైపర్ అనే మీడియం వచ్చింది. మన ఊళ్లలో పూనకం వచ్చి సోదె చెబుతారు చూడండి, అలాంటిదే అనుకోండి. చనిపోయిన ఒక బాబాయి గడియారం చేతికిస్తే, ఆమె ఆయన చిన్ననాటి సంగతులు కొన్ని చెప్పింది. లాడ్జ్ వెంటనే నమ్మేయలేదు. ఆ ఊరికి మనిషిని పంపి, ఇవన్నీ ఎవరినైనా అడిగి తెలుసుకోగలిగే సంగతులేనా అని వాకబు చేయించాడు. అంత సులువు కాదని తేలాక కానీ లెక్కలోకి తీసుకోలేదు. యుసేపియా అనే ఇటలీ మీడియంను 1894లో చూసి ఆశ్చర్యపోయాడు. మరుసటి ఏడాదే కేంబ్రిడ్జిలో ఆమె పట్టుకున్నవాళ్ల చేతుల్లోంచి చెయ్యి విడిపించుకుని మోసం చేస్తూ దొరికిపోయింది.

అప్పటి ఫిజిక్స్ కూడా గుర్తు చేసుకోవాలి. వెలుతురు ఈథర్ అనే కనిపించని పదార్థంలో ప్రయాణిస్తుందని అందరూ నమ్మేవాళ్లు. వేగంగా తిరిగే వస్తువు ఈథర్‌ను తనతో లాక్కెళుతుందా అని తేల్చడానికి లాడ్జ్ రెండు పెద్ద ఉక్కు చక్రాలను దగ్గరదగ్గరగా పెట్టి తిప్పి, మధ్యలోంచి వెలుతురు పంపాడు. మొదట్లో కనిపించిన చిన్న కదలికలు చూసి గంతులెయ్యలేదు. గాలి లాంటి మామూలు కారణాలు ఏమున్నాయో ఒక్కొక్కటే వెతికి తీసేశాడు. చివరికి ఏమీ లేదని తేలింది. ఏమీ లేదనే ప్రచురించాడు. నా దృష్టిలో ఆయన చేసిన అన్నిట్లోకీ గొప్ప పని ఇదే.

రేమండ్ మనలాంటివాడే. బర్మింగ్‌హామ్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, అన్నల స్పార్క్ ప్లగ్ కంపెనీలో పనిచేసేవాడు. 1914లో యుద్ధం రాగానే సైన్యంలో చేరాడు. 1915 సెప్టెంబర్ 14న బెల్జియంలో ఈప్ర్ దగ్గర షెల్ ముక్క తగిలి చనిపోయాడు. ఇరవై ఆరేళ్లు. పదకొండు రోజులకు తల్లి మేరీ, పేరు చెప్పకుండా, మిసెస్ లియొనార్డ్ అనే మీడియం ముందు కూర్చుంది. ఆ మీడియం నోట మాట్లాడేది ఎప్పుడో వందేళ్ల కిందట పోయిన ఫీడా అనే హిందూ అమ్మాయట! లండన్ మీడియంకు కూడా మన దేశం దెయ్యమే దొరికింది.

రెండు రోజుల తర్వాత ఇంకో మీడియం, కుర్రాడు కొందరితో కలిసి దిగిన గ్రూప్ ఫొటో ఒకటి ఉందన్నాడు. ఇంట్లో అలాంటిది లేదు. నవంబర్ నెలాఖరులో, రేమండ్ రెజిమెంట్‌లోని ఒక ఆఫీసర్ తల్లి ఉత్తరం రాసింది, ఆఫీసర్ల గ్రూప్ ఫొటో ఉంది పంపమంటారా అని. ఫొటో చేతికి రాకముందే లాడ్జ్ ఫీడాను వివరాలు అడిగి రాసుకున్నాడు. అబ్బాయి కూర్చుని ఉన్నాడు, వెనకాయన అతని మీద ఆనుకోబోయాడు, వెనక నిలువు గీతలు. డిసెంబర్ 7న ఫొటో వచ్చింది. సరిపోయింది. లాడ్జ్‌కు ఇదే అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

ముందే రాసి పెట్టుకోవడం మంచి పద్ధతే. కానీ యుద్ధానికి వెళ్లే ఆఫీసర్లు గ్రూప్ ఫొటో దిగడం మామూలు సంగతి. వరసల్లో సర్దుకున్నప్పుడు ముందు కొందరు కూర్చుంటారు, వెనకవాళ్ల చెయ్యో కాలో ముందువాళ్లకు తగులుతుంది. మన బ్రాంచ్ ఫేర్‌వెల్ ఫొటో తీసి చూడండి, ఫీడా మాటలు ఎంతమందికి సరిపోతాయో. ఆ కొలతే లాడ్జ్ చేయలేదు. అవే మాటలను కొడుకుల్ని పోగొట్టుకున్న ఇంకో పది కుటుంబాలకు చూపించి, మీవాడేనా అని అడిగి ఉంటే ఎంతమంది అవునని ఏడ్చేవాళ్లో తెలిసేది. చక్రాల దగ్గర గాలిని అనుమానించిన మనిషి ఇక్కడ తన దుఃఖాన్ని అనుమానించలేకపోయాడు. గొట్టాన్ని తట్టేవాళ్లు లేకుండా పోయారు. తెలివి తక్కువై కాదు, తండ్రి కాబట్టి.

1916లో పుస్తకం వచ్చింది, పేరు రేమండ్. పైలోకంలో సిగార్లు, విస్కీ కూడా దొరుకుతాయని ఫీడా చెప్పిన మాటలు అందులో ఉన్నాయి. జనం నవ్వుతారని తెలిసే అచ్చు వేశాడు, వచ్చిన డేటాను దాచకూడదని. నవ్వారు కూడా. డాక్టర్లు, సైంటిస్టులు దుమ్మెత్తిపోశారు. అయినా ముద్రణ మీద ముద్రణ పడింది. కొడుకుల శవాలు కూడా చూసుకోలేని ఇళ్లు ఆ దేశంలో లక్షల్లో ఉన్నాయి మరి. ఆ ఇళ్లలో ఈ పుస్తకం చదివినవాళ్లను చూసి నవ్వడం నా వల్ల కాదు. నాకు కోపం వచ్చేది, వాళ్ల దగ్గర డబ్బులు గుంజడానికి వీధివీధినా పుట్టుకొచ్చిన మీడియంల మీదే.

ఐన్‌స్టీన్ తర్వాత ఈథర్ పాఠాల్లోంచి వెళ్లిపోయింది. లాడ్జ్ మాత్రం వదల్లేదు, చనిపోయినవాళ్లు ఉండేది అందులోనే అన్నాడు. 1929లో మేరీ పోయింది. 1940 ఆగస్టు 22న, ఇంకో యుద్ధం మధ్యలో, ఆయన కూడా పోయాడు.

పోయేముందు మాత్రం పాత లాడ్జ్ ఒక్కసారి మళ్లీ పనిచేశాడు. తనకొక్కడికే తెలిసిన ఒక సంగతి రాసి, కవరులో కవరు పెట్టి సీలు వేసి సొసైటీకి అప్పగించాడు. తాను చచ్చాక మీడియంల ద్వారా ఆ సంగతి చెబుతాననీ, చెప్పాకే కవర్లు తెరవాలనీ ఏర్పాటు. ఆయన పోయాక మీడియంలను కూర్చోబెట్టి చాలా ప్రయత్నాలు చేశారు. ఏళ్ల తర్వాత కవర్లు తెరిచారు. లోపలున్నది ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.