రాబర్టు నోబిలు దొరగారి చరిత్రము

ఏలూరు, తాడేపల్లిగూడెము సీమలలోను, కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలోను క్రైస్తవ దేవాలయములు పెక్కులు గానవచ్చుచున్నవి. 1836వ సంవత్సరముననే బౌడెను, బీరు అను బోధకులు సీమనుండి బయలుదేరి వచ్చి, నరసాపురము ప్రాంతమున గోదావరి డెల్టాలో క్రీస్తుమతమును బోధింపసాగిరి. చర్చి మిషనరీ సంఘమువారు మాత్రము ఏలూరికి 1854లో వచ్చిరి. వారి మొదటి నిలయము బందరు. అచ్చటి పనికి మూలపురుషుడగు రాబర్టు టర్లింగ్టన్ నోబిలుగారిని గూర్చి యిచట చెప్పదలచితిమి.

ఈయన 1809లో ఇంగ్లండులో నొక మతగురువునకు కుమారుడై జన్మించెను. కేంబ్రిడ్జిలో చదువు ముగించి, 1841లో హెన్రీ ఫాక్సు అను యువకునితో గూడ బందరు చేరెను. ఇరువురును పనిని పంచుకొనిరి. ఫాక్సు గ్రామములు తిరిగి బోధించెను. భార్యను పోగొట్టుకొని, ఆరోగ్యము చెడి, స్వదేశమునకు మరలి 1848లో చిన్నవయస్సుననే మరణించెను. నోబిలు పట్టణముననే నిలిచి, తెలుగు నేర్చి, 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరచెను.

ఆ పాఠశాల అగ్రవర్ణముల బాలురకే. పంచములకు ప్రవేశము లేదు. పెద్ద కులములవారు మారినచో తక్కినవారు వెంబడింతురని ఆయన తలంపు. మానవులెల్లరు నొక్క తండ్రి బిడ్డలని చెప్పుటకు సముద్రములు దాటి వచ్చినవాడు, ఆ బిడ్డలలో కొందరిని గడపకు వెలుపలనే నిలుపుట మాకు విచారకరముగ దోచుచున్నది. అట్టి కట్టుబాటు లేకున్న నాటి బందరులో బ్రాహ్మణబాలు డొక్కడైనను ఆ మెట్లెక్కి యుండడనుటయు నిజమే.

తొమ్మిదేండ్లు గడచెను. 1852లో మంచాల రత్నమను బ్రాహ్మణ యువకుడును, వెలమ యువకు డొకడును బాప్తిస్మము పొందిరి. ఊరెల్ల అట్టుడికిపోయెను. పాఠశాల శూన్యమయ్యెను. ఆ తల్లిదండ్రుల దుఃఖము బూటకము కాదు. మతము మారిన కుమారుడు ఆనాడు ఇంటికి మృతునితో సమానుడు. అయినను, తన మనస్సునకు సత్యమని తోచినదానిని కులముకొరకు దాచుకొమ్మని యెవరిని నిర్బంధింపవచ్చును? నోబిలు పాఠశాలను మూయలేదు. బాలురు క్రమక్రమముగ మరల వచ్చిరి. సర్కారు కొలువునకు ఇంగ్లీషు కావలెను గదా! రత్నముగారు పిమ్మట మతగురువైరి.

1860 ప్రాంతమున తక్కువ కులములవారని యెంచబడిన బాలురను గూడ చేర్చుకొనగా పాఠశాల మరియొకసారి ఖాళీ యయ్యెను, మరల నిండెను. మొదటినుండియు ఈ ధైర్యమే చూపియుండిన నెంత బాగుండెడిది!

ఇంతలో ఆయన లెక్కకు మారుగ వేరొక వింత జరిగెను. 1859లో రాఘవాపురపు మాలపెద్ద యగు పగోలు వెంకయ్య బెజవాడలో డార్లింగు దొరను కలిసికొని, బోధ విని, బాప్తిస్మము పొందెను. అటుపిమ్మట కృష్ణా గోదావరీ మండలములలో క్రీస్తుమతము పల్లెపల్లెకు ప్రాకినది వెంకయ్యవంటివారి వలననే గాని, ఇంగ్లీషు చదివిన అగ్రవర్ణములవారి వలన కాదు. నోబిలు క్రిందికి దిగునని యెదురుచూచిన నీరు క్రిందినుండియే ఊరినది.

1864 నవంబరు 1వ తేదీని బందరు ఉప్పెనలో ముప్పదివేల మంది మడసిరి. ఆ మరుసటి యేడు అక్టోబరు 17న నోబిలు బందరులోనే కన్నుమూసెను. వివాహము చేసికొనలేదు, ఇరువదినాలుగేండ్లలో నొక్కమారైనను స్వదేశమునకు పోలేదు. ఆయన పాఠశాల తరువాత ఆయన పేరనే కళాశాల యయ్యెను. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు కొంతకాల మందు బోధించిరి.