మన యల్లాప్రగడ సుబ్బారావు గారు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని కార్యదర్శి గారు కోరగా, నాకు వెంటనే స్ఫురించిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన కన్నుమూసేనాటికి నేను పుట్టనేలేదు. అయినా మా ఇల్లు ఆయనకు ఋణపడి ఉంది. ఆ సంగతి చివర మనవి చేస్తాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మెట్రిక్ మూడవసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే విరేచనాల జబ్బు పొట్టన పెట్టుకుంది. మామగారి సాయంతో అమెరికా వెళ్ళారు. భార్య శేషగిరి గారిని మరల చూడనేలేదు.

బోస్టన్‌లో ఆసుపత్రిలో చిల్లర పనులు చేసుకుంటూ చదివారు. హార్వర్డులో ఫిస్క్ గారితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను కనుగొన్నవారిలో ఆయన ఒకరు. ఇంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. పదోన్నతి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు.

1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళారు. ఆయన పర్యవేక్షణలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు అదే మందయింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాలలోనిదే. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలిన నకిలీ పదార్థాన్ని అందిస్తే, నకిలీ దస్తావేజు నమ్మిన గుమస్తా వలె కణం మోసపోయి పెరుగుదల ఆపుతుంది. అలా తయారైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు ఫార్బర్ గారు 1948లో రక్త క్యాన్సరు పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం చూపారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు 53 ఏళ్ళకే న్యూయార్క్‌లో మరణించారు.

ఇక మా ఇంటి సంగతి. 2016లో చుండూరులో మా తమ్ముడు సొంత వీధిలోనే దారి తప్పసాగాడు. తెనాలి మీదుగా గుంటూరు తీసుకువెళ్ళాం. మెదడులో లింఫోమా అన్నారు. శరీరాన్ని కాపాడవలసిన కణాలే గడ్డ కట్టడమన్న మాట. మెదడు రక్తనాళాల గోడ మన సబ్‌ట్రెజరీ తలుపు వంటిది, చాలా మందులను లోపలికి పోనివ్వదు. కనుక మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో, కొన్ని గంటలలోనే నరంలోకి ఎక్కించారు. అంత మందు మిగతా ఒంటిని కూడా చంపుతుంది. అందుకని ఒక రోజు గడిచాక ఫోలిక్ ఆమ్లం జాతికే చెందిన ల్యూకోవోరిన్ ఇచ్చి ఒంటిని కాపాడారు. లింఫోమా కణాలను గుర్తుపట్టి అంటుకునే రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ కూడా కలిపారు. రెండు వారాలకొకసారి మందు, నిత్యం నీళ్ళ కొలత, మూత్రం కొలత. ఆ లెక్క నేనే ఒక నోటు పుస్తకంలో వ్రాసేవాడిని. గడ్డ కరిగింది.

ఆ మందు పుట్టుక గురించి వైద్యులొకరు చెప్పినప్పుడు నాకు నోట మాట రాలేదు. భీమవరం బిడ్డ నడిపిన ప్రయోగశాల నుండి వచ్చిన మందు, ఆయన పోయిన 68 ఏళ్ళకు మా చుండూరు మనిషి తలలోకి చేరింది. తమ్ముడు మరి మూడేళ్ళు బ్రతికి, మనుమరాలి ఓణీల వేడుక చూసి, పేరు పెట్టి పిలిచి మరీ వెళ్ళాడు.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదు. శతజయంతికి 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. సర్వీసు రిజిస్టరులో పేరెక్కకపోయినా పని నిలిచిపోతుందనడానికి ఆయన కంటె వేరే సాక్ష్యం నాకు తెలియదు. సభ్యులు జనవరి 12న మనుమలకు ఆయన పేరు ఒక్కసారి చెప్పవలసిందిగా ప్రార్థన.