తేదీ, చోటు, పిట్ట

సలీం అలీ పేరు మనలో చాలామందికి జీకే బిట్‌గానే తెలుసు. బర్డ్‌మ్యాన్ ఆఫ్ ఇండియా ఎవరు అంటే టక్కున టిక్ పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాం. ఆ బిట్‌లో లేని సంగతి ఏంటంటే, ఈ పెద్దమనిషికి యూనివర్సిటీ డిగ్రీ లేదు. డిగ్రీ లేదన్న కారణంతోనే రావాల్సిన ఉద్యోగం రాలేదు. తర్వాత వచ్చిన ఉద్యోగం కూడా ముప్పై నాలుగేళ్లు నిండకముందే పోయింది. అయినా మన దేశంలో ఏ చెరువు గట్టున ఎవరు బైనాక్యులర్ పట్టుకుని నిలబడ్డా, తెలిసో తెలియకో ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు. ఆ దారి ఎలా పడిందో చూద్దాం.

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టాడు సలీం. పదిమంది పిల్లల్లో ఆఖరివాడు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్లకి తల్లి పోయారు. ఖేత్‌వాడీలో ఉండే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్త హమీదా బేగం పిల్లల్ని చేరదీసి పెంచారు. వాళ్లకి సొంత పిల్లలు లేరు. మేనమామకి వేట అంటే ఇష్టం. ఆ రోజుల్లో ఆ ఇంటి పిల్లలకి ఎయిర్‌గన్ ఓ ఆటవస్తువు. పిచ్చుకల్ని కొట్టడం ఓ ఆట.

పది పన్నెండేళ్ల వయసులో ఉండగా ఓ రోజు సలీం కొట్టిన పిచ్చుక మామూలు పిచ్చుకలా లేదు. దాని మెడ మీద పసుపు రంగు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అని మామయ్యని అడిగాడు. ఆయనకీ తెలియదు. తెలియదని ఊరుకోకుండా ఆయన మేనల్లుణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. అక్కడి సెక్రటరీ మిల్లార్డ్ అనే ఇంగ్లీషాయన. చచ్చిన పిచ్చుకని చేతిలో పట్టుకుని భయం భయంగా వచ్చిన పిల్లాణ్ణి ఆయన కసురుకోలేదు. అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, సొరుగులు లాగి సొసైటీ దాచిపెట్టిన పక్షి నమూనాలన్నీ చూపించాడు. చదవమని పుస్తకాలిచ్చాడు. నమూనాలు ఎలా తయారుచేయాలో, వాటి పక్కన వివరాలు ఎలా రాయాలో నేర్పించే ఏర్పాటు చేశాడు. ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అని రాయకపోతే ఆ నమూనాకి విలువే లేదన్న పాఠం సలీంకి అక్కడే పట్టుబడింది.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. సెయింట్ జేవియర్స్ కాలేజీలో చేరి మధ్యలో మానేశాడు. 1914లో బర్మాలోని తవాయ్‌కి వెళ్లి కుటుంబం వాళ్ల ఉల్‌ఫ్రమ్ గనులు, కలప వ్యాపారంలో చేరాడు. అక్కడా వ్యాపారం కన్నా చుట్టూ ఉన్న అడవి మీదే ధ్యాస. 1917లో బొంబాయికి తిరిగొచ్చి కామర్స్ లా, అకౌంటెన్సీ చదవడం మొదలుపెట్టాడు. ఇతని మనసు ఎక్కడుందో జేవియర్స్‌లోని ఫాదర్ బ్లాటర్ కనిపెట్టి జువాలజీ క్లాసులకి రమ్మన్నాడు. పొద్దున అకౌంట్లు, తర్వాత జంతుశాస్త్రం. ఇష్టంలేని కోర్సులో కూర్చుని ఇష్టమైనదాన్ని పక్కన దాచుకుని చదివేవాళ్లు మన బెంచీల్లోనూ ఉన్నారు కాబట్టి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. 1918లో తెహ్మినా బేగంతో పెళ్లయింది.

జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షుల నిపుణుడి ఉద్యోగానికి ప్రయత్నిస్తే డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరాడు. జీతం నెలకి 350 రూపాయలు. రెండేళ్లు చేశాక ఇలా కాదు, పద్ధతిగా నేర్చుకోవాలనిపించి 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లాడు. అక్కడి మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షిశాస్త్రవేత్త దగ్గర పనిచేశాడు. పక్షుల కాళ్లకి రింగులు తొడిగి వలసదారుల్ని పసిగట్టే పద్ధతిని హెలిగోలాండ్ దీవిలో చూశాడు. జీవితాంతం తన గురువు స్ట్రెసెమానే అని చెప్పుకున్నాడు. 1930లో ఇంటికొచ్చేసరికి, నిధులు లేవని ఆ గైడ్ లెక్చరర్ పోస్టునే తీసేశారు.

ఉద్యోగం లేని ఆ రోజుల్లో బొంబాయికి సముద్రం అవతల, అలీబాగ్ దగ్గరున్న కిహిమ్ అనే పల్లెకి మకాం మార్చారు భార్యాభర్తలు. అక్కడ గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. గిజిగాడు అనగానే మనకి జాషువా గారి ఖండిక గుర్తొస్తుంది. ఆ గూటి పనితనం చూసి ముచ్చటపడనివాళ్లు లేరు. సలీం ముచ్చటపడి ఊరుకోలేదు, నోట్‌బుక్ తీసుకుని కూర్చున్నాడు. రోజుల తరబడి ఏ మగపిట్ట ఏ గూడు కడుతోంది, ఏ ఆడపిట్ట ఎప్పుడొచ్చింది అని రాసుకుంటూ పోయాడు. రాసింది వరసగా చూస్తే అప్పటిదాకా ఎవరూ సరిగ్గా పట్టుకోని సంగతి బయటపడింది. మగపిట్ట గూడు మొత్తం కట్టదు. హెల్మెట్ ఆకారం వచ్చేదాకా కట్టి ఆగుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపల తిరిగి చూసుకుంటాయి. ఒకటి నచ్చి స్థిరపడితేనే మగపిట్ట మిగతా గూడు, కిందికి వేలాడే గొట్టంలాంటి దారి పూర్తి చేస్తుంది. ఆడపిట్ట గుడ్లు పెట్టి పొదుగుతుంటే ఈయనగారు ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్ట కోసం ఎదురుచూస్తాడు. 1931లో అచ్చయిన ఈ పరిశీలన సలీం అలీకి పేరు తెచ్చింది. ల్యాబ్ లేదు, గ్రాంట్ లేదు. ఓపిక ఉంది, నోట్‌బుక్ ఉంది.

ఇక్కడి నుంచి కథ మన గడ్డ మీదికి వస్తుంది. ఉద్యోగం ఎవరూ ఇవ్వరని తేలాక సలీం ఓ ఉపాయం ఆలోచించాడు. సంస్థానాల్లో ఏ పక్షులున్నాయో అప్పటికి సరైన లెక్క లేదు. ప్రయాణానికి, క్యాంపులకి ఖర్చు పెట్టుకుంటే చాలు, జీతం లేకుండా సర్వే చేసిపెడతానన్నాడు. అలా మొదటగా జరిగినవాటిలో ఒకటి 1931-32లో నిజాం రాజ్యంలో చేసిన హైదరాబాద్ స్టేట్ ఆర్నిథలాజికల్ సర్వే. ఎడ్లబండ్లు, గుడారాలు, మలేరియా భయం. అమ్రాబాద్ పీఠభూమి లాంటి అడవుల్లో మకాం వేసి కనిపించిన ప్రతి జాతినీ, కనిపించిన చోటునీ, రోజునీ నమోదు చేశారు. ఈ సర్వే ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో భాగాలుగా వచ్చాయి. నమూనాల మీద వ్యాఖ్యలు రాసింది హ్యూ విస్లర్ అనే ఇంగ్లీషు నిపుణుడు. అంతకుముందు సలీం ఓ చిన్న వ్యాసంలో విస్లర్ రాసినదాంట్లో తప్పు ఎత్తిచూపితే ఆయనకి ముందు కోపం వచ్చింది. తర్వాత తన దగ్గరున్న నమూనాలు మళ్లీ తీసి చూసుకుని సలీం చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడు. అక్కణ్ణుంచి ఇద్దరూ మంచి మిత్రులయ్యారు. ఒకరు పేరున్న తెల్లదొర, ఇంకొకరు ఎవరికీ తెలియని నేటివ్. తేల్చింది మాత్రం ఎదురుగా ఉన్న పిట్ట.

ఇక్కడ ఓ మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ సర్వేల్లో పక్షుల్ని తుపాకీతో కొట్టి నమూనాలు తీసేవారు. సలీం కూడా అదే చేశాడు. శాస్త్రానికి అవసరమైనంత మేరకు అది తప్పదని ఆయన చివరిదాకా నమ్మాడు, ఆ విషయంలో మెత్తటి మాటలు చెప్పలేదు. అదే మనిషి తర్వాతి రోజుల్లో వేల పక్షుల్ని వలల్లో పట్టి, కాలికి రింగు తొడిగి, ప్రాణాలతో వదిలేసే పెద్ద వలస అధ్యయనాన్ని నడిపించాడు. ఇవాళ మన చేతిలో ఉన్నది తుపాకీ కాదు, కెమెరా. ఆ మార్పు కూడా ఆయన ఒక్క జీవితంలోనే జరిగింది.

మొదటి సర్వేల్లో గుడారాల జీవితాన్ని ఆయనతో పంచుకున్న తెహ్మినా 1939లో ఓ చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయింది. పిల్లలు లేరు. సలీం మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క కమూ ఇంట్లో ఉండిపోయి పనిలో మునిగిపోయాడు. 1941లో ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ వచ్చింది. శాస్త్రవేత్తల కోసం కాదు, కిటికీలోంచి పిట్టని చూసి పేరు తెలుసుకోవాలనుకునే మామూలు మనిషి కోసం రాసిన పుస్తకం అది. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త డిల్లన్ రిప్లేతో కలిసి భారత ఉపఖండం పక్షుల మీద 10 సంపుటాల హ్యాండ్‌బుక్ రాశాడు. 1968లో మొదలై 1974లో పూర్తయింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఏడు.

మెకానికల్ బ్రాంచి వాళ్లకి నచ్చే సంగతి ఒకటుంది. ఈయనకి పక్షుల తర్వాత అంత ఇష్టం మోటార్ సైకిళ్లే. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో అంతర్జాతీయ పక్షిశాస్త్ర సదస్సుకి పిలుపొస్తే తన సన్‌బీమ్ బండిని ఓడలో ఎక్కించుకుని వెళ్లాడు. యూరప్ రోడ్ల మీద పడుతూ లేస్తూ సామాన్ల మూటతో సదస్సు దగ్గర దిగేసరికి, ఇండియా నుంచి బండి మీదే వచ్చేశాడని అక్కడ పుకారు లేచింది. అప్పుడాయనకి యాభై మూడేళ్లు.

పేరు పెరిగాక ఆ పేరుని పక్షుల కోసమే వాడాడు. భరత్‌పూర్ చిత్తడి నేల పొలాలుగా మారిపోకుండా నెహ్రూ దాకా వెళ్లి ఆపించాడు. జాతీయ పక్షిని ఎంచుకునేటప్పుడు బట్టమేకపిట్టకి ఆ గౌరవం ఇవ్వాలని వాదించాడు. నెమలి ఎలాగూ అందరికీ ముద్దు, కనుమరుగవుతున్న పిట్టకే ఆ కిరీటం అవసరమని ఆయన లెక్క. ఆ వాదన నెగ్గలేదు. మన ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాల్లో ఆ పిట్టకి ఇప్పుడేం మిగిలిందో తెలిసినవాళ్లకి ఆ లెక్క విలువ అర్థమవుతుంది. 1976లో పద్మవిభూషణ్ వచ్చింది. గెట్టి ప్రైజ్ కింద వచ్చిన డబ్బుని సొసైటీకే ఇచ్చేశాడు. 1985లో రాజ్యసభకి నామినేట్ అయ్యాడు.

ఆయన చివరి రోజుల్లో కడప జిల్లాలో ఓ అద్భుతం జరిగింది. కలివికోడి అనే పిట్టని 1848లో జెర్డన్ అనే డాక్టరు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించినట్టు ఓ నమోదు. ఆ తర్వాత 86 ఏళ్లు జాడ లేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. సలీం అలీ ప్రాణం పెట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకుతూనే ఉంది. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి వైపు పొదల్లో అది దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్టని పట్టిచ్చింది చదువుకున్న శాస్త్రవేత్త కాదు, ఆ అడవిని ఎరిగిన స్థానిక వేటగాడు. ఆ వార్త వినేదాకా సలీం అలీ ఉన్నాడు. 1987లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది లంకమల అడవి అభయారణ్యం అయింది.

ఒక్కసారి ఆలోచించండి. 1848లో ఒకరు, 1900లో ఒకరు రాసిపెట్టకపోతే 1986లో ఎవరైనా దేనికోసం వెతికేవాళ్లు? ఉన్నట్టు రాయకపోతే పోయినట్టు కూడా తెలియదు. అమ్రాబాద్‌లో ఇవాళ ఏం తగ్గిందో చెప్పాలంటే 1931 నాటి ఆ పాత జాబితానే తెరవాలి.

ఈ పనిని సలీం అలీ నిపుణుల చేతిలోనే ఉంచలేదు. 1960 ప్రాంతంలో ఆయన సన్నిహితుడు జఫర్ ఫతేహల్లీ సంపాదకుడిగా న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్ మొదలైంది. బ్యాంకు గుమాస్తా అయినా, టీచరైనా తను చూసింది అందులో రాయొచ్చు. అలాంటి అలవాటులోంచే ఊరూరా క్లబ్బులు పుట్టాయి. హైదరాబాద్‌లో 1980లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ మొదలైంది. ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. నెలకో మీటింగ్, నెలకో ఫీల్డ్ ట్రిప్, పిట్ట అనే పత్రిక. ట్రిప్ అంటే పెద్ద సంబరం ఏమీ ఉండదు. తెల్లారకముందే ఓ చెరువు గట్టుకి చేరడం, గొంతు తగ్గించి మాట్లాడటం, పాలపిట్ట ఒకటి, లకుముకి పిట్టలు రెండు, గోరింకలు ఎనిమిది అని ఒకరు చెబుతుంటే ఇంకొకరు రాసుకోవడం. కొత్తవాళ్లు ఇదేం పిట్ట అని అడిగితే కసురుకోకుండా చెప్పడం. మిల్లార్డ్ ఆ పిల్లాడికి చేసింది అదే కదా. జనవరిలో నీటిపక్షుల లెక్క ఉంటుంది. ఆసియా అంతటా జరిగే ఆ లెక్క మొదలైంది సరిగ్గా 1987లో, ఆయన పోయిన ఏడాదే.

ఫిబ్రవరిలో కాలేజీల కోసం క్యాంపస్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. నాలుగు రోజులు, పావుగంట చొప్పున చూసి ఫోన్‌లో ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తే చాలు. బ్రాంచి, బ్యాక్‌లాగ్, సీజీపీఏ ఎవరూ అడగరు. అడిగేవి మూడే: తేదీ, చోటు, పిట్ట. హాస్టల్ వెనక వేపచెట్టు మీద ఇవాళ జెముడు కాకి కూర్చుందని రాస్తే అది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. ఆ చెట్టు ఉంటుందో ఉండదో తెలియని ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఆ లైను కోసం వెతుకుతారు.