లండన్ నగరంలో గాంధీజీ

విద్యార్జన కోసం పరదేశానికి వెళ్ళిన యువకునికి పాఠ్యగ్రంథాల కంటె ముందుగా నిత్యజీవితమే పరీక్ష పెడుతుంది. ఎక్కడ నివసించాలి, ఏమి భుజించాలి, ఎదుటివారితో ఎలా మెలగాలి, ఇంటివారు పంపిన ధనాన్ని ఎలా సరిపెట్టుకోవాలి అనే ప్రశ్నలు దినదినమూ ఎదురవుతాయి. జాతిపితగా మన మన్ననలందుకొన్న మహాత్మాగాంధీ తన 19వ ఏట లండన్ నగరంలో ఈ పరీక్షనే ఎదుర్కొన్నారు. తరువాతి కాలంలో ఆయన కనబరచిన నిరాడంబరత్వానికీ, నియమనిష్ఠలకూ బీజాలు ఆ విద్యార్థి జీవితంలోనే పడ్డాయి.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోర్‌బందరులో జన్మించారు. తండ్రి కరంచంద్ గాంధీ సంస్థానంలో దివానుగా పనిచేశారు. తల్లి పుత్లీబాయి వ్రతాలనూ, ఉపవాసాలనూ నియమం తప్పక ఆచరించిన సాధ్వి. 1887లో మెట్రిక్యులేషన్ ముగించి గాంధీజీ భావనగర్‌లోని సామల్‌దాస్ కళాశాలలో చేరారు గాని, అక్కడి చదువు ఆయనకు పట్టుబడలేదు. అప్పటికే తండ్రి మరణించారు. కుటుంబ మిత్రుడైన మావ్జీ దవే ఆయనను ఇంగ్లండు పంపి బారిష్టరును చేయమని సలహా ఇచ్చారు. అన్న లక్ష్మీదాస్ ఖర్చు భరించడానికి అంగీకరించారు. సముద్రం దాటిన పిల్లలు ఆచారభ్రష్టులవుతారని విన్న తల్లి మాత్రం వెనుకాడింది. మద్యాన్ని, మాంసాన్ని, పరస్త్రీని తాకనని బేచర్‌జీ స్వామి అనే జైన సాధువు ఎదుట గాంధీజీ ప్రమాణం చేసిన తరువాతనే ఆమె అనుమతించింది. బొంబాయిలో కులపెద్దలు అడ్డుచెప్పారు. గాంధీజీ తలవంచకపోవడంతో ఆయనను కులం నుండి వెలివేశారు. అయినా 1888 సెప్టెంబరు 4న భార్య కస్తూర్‌బానూ, పసిబిడ్డ హరిలాల్‌నూ విడిచి ఆయన ఓడ ఎక్కారు.

కష్టాలు ఓడలోనే మొదలయ్యాయి. ఆంగ్లంలో మాట్లాడే అలవాటు లేదు. కత్తి, ముళ్ళచెంచాలతో తినడం తెలియదు. వంటకాలలో మాంసం లేనివి ఏవో అడగడానికి సంకోచం. అందువల్ల ఆయన భోజనశాలకు వెళ్ళకుండా, ఇంటి నుండి తెచ్చుకొన్న మిఠాయిలతో, పండ్లతో తన గదిలోనే కడుపు నింపుకొన్నారు. ఇంగ్లండులో తెల్లని దుస్తులు శోభిస్తాయని తలచి, అందుకోసం ప్రత్యేకంగా దాచి ఉంచిన తెల్లని ఫ్లానెల్ దుస్తులు ధరించి ఓడ దిగారు. సెప్టెంబరు చివరి రోజులవి. రేవులో అట్టి దుస్తులు ధరించినవారు మరెవ్వరూ కనిపించలేదు. మిగిలిన దుస్తులున్న పెట్టెల తాళపుచెవులను సామానుతోపాటే పంపివేసినందువల్ల, ఆ వేషంతోనే మరి రెండు రోజులు గడపవలసి వచ్చింది.

లండన్‌లో వైద్యవిద్య అభ్యసిస్తున్న ప్రాణజీవన్ మెహతా ఆయనకు తొలి మార్గదర్శి. మెహతా బల్లపై ఉంచిన పట్టుటోపీని గాంధీజీ కుతూహలంతో చేతిలోకి తీసుకొని నిమరగా, దాని నూగు చెదరిపోయింది. ఆ సందర్భంలోనే మెహతా ఆయనకు ఐరోపా మర్యాదలను బోధించారు. ఇతరుల వస్తువులను తాకరాదు, తొలి పరిచయంలోనే సొంత విషయాలను గుచ్చి గుచ్చి అడగరాదు, బిగ్గరగా మాట్లాడరాదు. హోటలు ఖర్చు విపరీతమని, ఏదైనా కుటుంబంతో కలసి ఉంటే ఆ దేశపు జీవన విధానం అలవడుతుందని కూడా ఆయన చెప్పారు. ఆ మాట ప్రకారం గాంధీజీ కొంతకాలం రిచ్‌మండ్‌లో ఒక మిత్రుని వద్ద ఉండి, పిమ్మట పశ్చిమ కెన్సింగ్‌టన్‌లో ఒక వితంతువు ఇంట అద్దెకు చేరారు.

అక్కడ ఆయనను బాధించినది ఆకలి. ఉదయం ఓట్సు జావ దొరికేది. మధ్యాహ్నం, రాత్రి ఉప్పు కారాలు లేని ఉడికించిన కూర, రెండు మూడు రొట్టె ముక్కలు మాత్రమే. మరో ముక్క అడగడానికి బిడియం. ఇంటావిడ కుమార్తెలు జాలిపడి ఒకటి రెండు ముక్కలు అదనంగా వడ్డించేవారు. రాత్రివేళ ఇల్లు, తల్లి జ్ఞప్తికి వచ్చి ఆయన కన్నీరు పెట్టుకొనేవారు. మాంసం తినక తప్పదని, చదువురాని తల్లికి ఇచ్చిన మాటకు ఈ దేశంలో విలువ లేదని మిత్రుడు నిత్యం వాదించేవాడు. వాదించి గెలిచే శక్తి గాంధీజీకి లేదు. తాను మాట ఇచ్చానన్న ఒక్క సమాధానంతో ఆయన నిలబడ్డారు.

శాకాహార భోజనశాలలు నగరంలో ఉన్నాయని విని, ఆయన వాటిని వెదకుతూ రోజుకు పది పన్నెండు మైళ్ళు నడిచేవారు. ఒకనాడు ఫారింగ్‌డన్ వీధిలో అట్టి భోజనశాల కంటబడింది. ఇంగ్లండు చేరిన తరువాత ఆయన కడుపునిండా భుజించినది ఆనాడే. అక్కడ అమ్మకానికి ఉంచిన హెన్రీ సాల్ట్ గ్రంథాన్ని ఒక షిల్లింగుకు కొని ఆసాంతం చదివారు. అంతవరకు మాటకోసం పాటించిన శాకాహారాన్ని ఇకమీదట విశ్వాసంతో పాటించసాగారు.

అయినా మిత్రుల దృష్టిలో తాను నాగరికుడుగా కనిపించాలనే కోరిక ఆయనను వదలలేదు. ఆహారంలో లోటును వేషభాషలతో పూరించాలని సంకల్పించారు. 19 షిల్లింగులకు పొడవాటి టోపీ కొన్నారు. ప్రసిద్ధమైన బాండ్ వీధిలో 10 పౌన్లు వెచ్చించి సాయంకాలపు విందులకు తగిన సూటు కుట్టించారు. అన్నకు వ్రాసి బంగారు గడియారపు గొలుసు తెప్పించుకొన్నారు. నిలువుటద్దం ముందు నిలిచి టై సవరించుకోవడానికి, తల దువ్వుకోవడానికి ప్రతిదినం పది నిమిషాలు పట్టేది. నృత్యశిక్షణకు 3 పౌన్లు చెల్లించారు గాని, పియానో తాళానికి అనుగుణంగా అడుగు పడలేదు. సంగీతజ్ఞానం కోసం మరి 3 పౌన్లతో వయొలిన్ కొన్నారు. ఉపన్యాసకళ నేర్పే గురువును కూడా ఆశ్రయించారు.

ఈ వ్యామోహం సుమారు మూడు నెలలు సాగింది. తాను జీవితమంతా ఇంగ్లండులో గడపబోవడం లేదని, నృత్యం వల్ల సభ్యత అలవడదని, తాను వచ్చినది విద్యార్థిగా అని ఆయనకు స్ఫురించింది. వెంటనే శిక్షణలన్నీ మానివేసి, వయొలిన్‌ను అమ్మివేయడానికి పూనుకొన్నారు. అయితే దుస్తులు శుభ్రంగా, పొందికగా ధరించే అలవాటు మాత్రం మరికొన్నేళ్ళు కొనసాగింది.

ఆ వ్యామోహపు రోజులలో సైతం ఆయన విడువని మంచి అలవాటు ఒకటి ఉంది. గుర్రపు బస్సు చార్జీ, తపాలా బిళ్ళ, వార్తాపత్రిక మొదలుకొని ఖర్చయిన ప్రతి ఫార్దింగునూ, అనగా పెన్నీలో నాలుగవ వంతును కూడా, పుస్తకంలో వ్రాసుకొనేవారు. రాత్రి నిద్రించబోయే ముందు లెక్క సరిచూసుకొనేవారు. ఆ పద్దులను పరిశీలించగా, దుబారా ఎక్కడ జరుగుతున్నదో తేటతెల్లమైంది. కుటుంబంతో ఉండడం వల్ల వారం వారం బిల్లు చెల్లించడమే కాక, ఆ ఇంటివారిని విందులకు తీసుకొనిపోవడం, బండి చార్జీలు భరించడం తప్పడం లేదు. అన్న కష్టార్జితాన్ని ఇట్లు వ్యయం చేయడం తగదని భావించి ఖర్చును సగానికి తగ్గించాలని నిశ్చయించారు. పనిచేసే చోటికి అరగంటలో నడిచి చేరగల ప్రదేశంలో సొంతంగా గదులు తీసుకొన్నారు. రోజుకు ఎనిమిది, పది మైళ్ళ నడక వల్ల బండి చార్జీలు మిగిలాయి, ఆరోగ్యమూ చేకూరింది. కొంతకాలానికి ఒకే గదితో సరిపెట్టుకొని, చిన్న పొయ్యి కొని, ఉదయం ఓట్సు జావ, కోకో తానే తయారు చేసుకొన్నారు. మధ్యాహ్న భోజనం బయట, రాత్రి రొట్టె, కోకో ఇంటివద్ద. ఆహారానికి రోజుకు అయ్యే ఖర్చు 1 షిల్లింగు 3 పెన్నీలు. ఇంటి నుండి వచ్చే మిఠాయిలను, మసాలాలను కూడా ఆయన మానివేశారు. ఒకప్పుడు చప్పగా తోచిన ఉడికించిన కూరే ఇప్పుడు రుచించింది. రుచికి మూలం మనస్సేనని ఆయన గ్రహించారు.

జీవితం సరళమైన కొద్దీ చదువుకు సమయం చిక్కింది. బారిష్టరు పరీక్ష కష్టమైనది కాకపోవడంతో ఆయన లండన్ మెట్రిక్యులేషన్‌కు కూడా కూర్చున్నారు. మొదటిసారి లాటిన్‌లో తప్పినా, నిరాశపడక 1890 జూన్‌లో ఉత్తీర్ణులయ్యారు. ఇన్నర్ టెంపుల్‌లో న్యాయవిద్యార్థులు ఆ రోజులలో నియమిత సంఖ్యలో విందులకు హాజరు కావలసి ఉండేది. నలుగురికి రెండు సీసాల చొప్పున మద్యం ఇచ్చేవారు. మద్యం ముట్టని గాంధీజీని తమ బల్లవద్ద కూర్చుండబెట్టుకోవడానికి తోటి విద్యార్థులు పోటీపడేవారు. శాకాహార సంఘంలో సభ్యులై, దాని కార్యవర్గంలో పనిచేసి, ఆ పత్రికకు వ్యాసాలు కూడా వ్రాశారు. గుడ్లు మాంసం కావని కొందరు నచ్చజెప్పినా, తల్లి దృష్టిలో మాంసమనగా ఏమో అదే తన ప్రమాణానికి అర్థమని తలచి ఆయన గుడ్లను సైతం విసర్జించారు.

1891 జూన్ 10న గాంధీజీ బారిష్టరు అయ్యారు. 11న హైకోర్టులో పేరు నమోదు చేసుకొని, 12న స్వదేశానికి ఓడ ఎక్కారు. మాట నిలుపుకొన్న కుమారుని చూచి తల్లి పొందే ఆనందాన్ని ఊహించుకొంటూ బొంబాయి చేరారు. తాను ఇంగ్లండులో ఉండగానే తల్లి మరణించిందన్న వార్త అక్కడ తెలిసింది. పరదేశంలో ఒంటరిగా ఉన్న తమ్ముడు తల్లడిల్లిపోతాడని అన్న ఆ వార్తను దాచి ఉంచారు. ఆ దుఃఖాన్ని గాంధీజీ మౌనంగా దిగమింగుకొన్నారు.

1893లో ఆయన దక్షిణాఫ్రికాకు వెళ్ళారు. తాను పడిన ఇబ్బందులు తరువాతి విద్యార్థులకు కలుగరాదనే తలంపుతో, ఆ ప్రాంతంలోనే లండన్ జీవితం గురించి ఒక మార్గదర్శినిని రచించారు. ఏ దుస్తులు తీసుకొనిపోవాలి, గది ఎట్లు చూసుకోవాలి, ఏమి వండుకోవాలి, వారానికి ఒక పౌనుతో ఎట్లు జీవించవచ్చు అనే విషయాలను అందులో వివరించారు. అది ఆయన జీవితకాలంలో అచ్చుకాలేదు; తదుపరి ఆయన సమగ్ర రచనలలో చేరింది.

తరువాతి కాలంలో ప్రజాధనంతో ఉద్యమాలు నడిపినప్పుడు, ప్రతి పైసకూ లెక్క చూపాలని గాంధీజీ పట్టుబట్టారు. ఆ క్రమశిక్షణ ఆయనకు అలవడినది లండన్‌లోని ఒక చిన్న అద్దెగదిలో, రాత్రివేళ పద్దు పుస్తకం ముందు. ఇతరులను అనుకరించి పొందే గౌరవం కంటె, ఇచ్చిన మాటకు కట్టుబడి, ఉన్నదానితో సరిపెట్టుకొని జీవించడంలోని గౌరవం గొప్పదని ఆయన విద్యార్థి జీవితం నిరూపిస్తున్నది.