వీరనారి చాకలి ఐలమ్మ

ఓరుగల్లు అనగానే అందరికీ రాణి రుద్రమ గుర్తుకొస్తుంది. మేడారం అనగానే సమ్మక్క సారలమ్మలు గుర్తుకొస్తారు. ఈ గడ్డ మీదే పుట్టి, ఊరి బట్టలుతికి, పొలం చేసుకుని, దొరల గడీని ఎదిరించిన తల్లి మరొకరు ఉన్నారు. ఆమే చాకలి ఐలమ్మ. స్ఫూర్తినిచ్చిన మహిళ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో రాయాలని అనుకోగానే మా అందరి నోటా వచ్చిన పేరు ఇదే. ఆమె పుట్టిన ఊరు మాకు దగ్గర. ఆమె బతుకు మా అమ్మమ్మల, నాయనమ్మల బతుకులకు ఇంకా దగ్గర.

ఐలమ్మ 1895లో రాయపర్తి మండలం కృష్ణాపురంలో ఒక పేద రజక కుటుంబంలో పుట్టింది. బడి ముఖం చూడలేదు. చిన్నతనంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో పెళ్లయింది. పాల్కురికి సోమనాథుడు పుట్టిన ఊరిగా పేరుపొందిన పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. ఐలమ్మ కాలంలో ఆ ప్రాంతం నైజాం రాజ్యంలోని జనగామ తాలూకా. విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మాటే అక్కడ చట్టం. ఆయన చేతిలో నలభై వేల ఎకరాల భూమి ఉండేదని తెలంగాణ పోరాట చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి.

ఆ రోజుల్లో వెట్టిచాకిరి అంటే ఏమిటో నేటి విద్యార్థులు తెలుసుకోవాలి. చాకలి దొర ఇంటి బట్టలు కూలి లేకుండా ఉతకాలి. కుమ్మరి ఉచితంగా కుండలివ్వాలి. మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, కబురు మోయాలి. రైతు తన పొలం వదిలేసి ముందు దొర పొలం దున్నాలి. పంట పండించేది ఒకరు, అనుభవించేది ఇంకొకరు. ఇదంతా తరతరాల ఆచారమనే పేరుతో సాగిపోయింది.

ఐలమ్మ కుటుంబం కులవృత్తి ఒక్కదాని మీదే ఆధారపడలేదు. మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని సాగు చేసుకుంది. చాకలి కుటుంబం సొంతంగా వ్యవసాయం చేసి నాలుగు గింజలు ఇంట్లో వేసుకోవడం ఊరి పెద్దలకు కంటగింపయింది. పాలకుర్తి పట్వారీ తన పొలంలో వచ్చి పనిచేయమంటే ఐలమ్మ కుటుంబం ఒప్పుకోలేదు. ఆ సంగతి విసునూరు గడీకి చేరింది. గొడవ అక్కడే మొదలైంది.

సరిగ్గా ఆ కాలంలోనే ఆంధ్ర మహాసభ పల్లెపల్లెకూ పాకుతోంది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి మహాసభ తర్వాత పేద రైతులు, కూలీలు పెద్ద సంఖ్యలో అందులో చేరారు. జనం దాన్ని సంఘం అని పిలుచుకున్నారు. ఐలమ్మ కూడా సంఘంలో చేరింది. అప్పటికి ఆమె వయసు దాదాపు యాభై ఏళ్లు. మనుమలను ఆడించుకునే వయసులో ఆమె తన ఇంటిని సంఘానికి నిలయంగా మార్చింది.

ఐలమ్మను దెబ్బతీస్తే సంఘం చెదిరిపోతుందని దేశ్‌ముఖ్ అనుకున్నాడు. ఆమె కుటుంబం మీద కేసులు పెట్టించాడు. ఆమె సాగు చేసే భూమి తనదేనని, దాని మీది పంట కూడా తనదేనని కాగితాలు పుట్టించాడు. పైరు కోతకు రాగానే తన మనుషులను పొలం మీదికి పంపాడు. భీమిరెడ్డి నర్సింహారెడ్డి వంటి సంఘం నాయకులు, కార్యకర్తలు ఐలమ్మ కుటుంబానికి తోడుగా పొలంలోకి దిగారు. వారి పట్టుదల చూసి గూండాలు వెనక్కి తగ్గారు. కార్యకర్తలే వరి కోసి, కట్టలు కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఒక పేద చాకలి స్త్రీ పండించిన పంట గడీకి చేరకుండా ఆమె ఇంటికే చేరడం ఆ చుట్టుపక్కల ఊళ్లు ఎరగని వింత.

దేశ్‌ముఖ్ అంతటితో ఊరుకోలేదు. గూండాలు ఐలమ్మ ఇంటిని తగలబెట్టారు. ధాన్యం ఎత్తుకుపోయారు. ఆ కుటుంబం పడిన కష్టాలు అన్నీ ఇన్నీ కావు. అయినా ఆమె భూమిని వదల్లేదు. కోర్టులో కొండా లక్ష్మణ్ బాపూజీ ఆమె పక్షాన నిలిచారు. తీర్పు ఐలమ్మకే అనుకూలంగా వచ్చింది. ధనబలం, అధికారబలం ఉన్న దేశ్‌ముఖ్ చదువురాని స్త్రీ ముందు ఓడిపోయాడు.

ఆమె గెలుపు ఊరూరా ధైర్యం నింపింది. 1946 జులై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. అక్కడి నుంచి పోరాటం సాయుధ రూపం తీసుకుని 1951 వరకు సాగింది. వేలాది మంది ప్రాణాలర్పించారు. ఆ త్యాగాల ఫలితంగానే 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చి, దున్నేవాడికి భూమి మీద రక్షణ కల్పించింది. ఐలమ్మ తన చిన్న కమతం కోసం నిలబడి అడిగిన న్యాయమే చివరకు చట్టంలోకి ఎక్కిందని మేము భావిస్తున్నాము.

ఐలమ్మ తర్వాత కూడా పాలకుర్తిలోనే సామాన్యురాలిగా జీవించి, 1985 సెప్టెంబర్ 10న కన్నుమూసింది. పదవులు ఆశించలేదు. చాలాకాలం పాఠ్యపుస్తకాలు ఆమెను పట్టించుకోలేదు. ఆమెను మరచిపోకుండా కాపాడింది పాటలు కట్టిన కళాకారులు, ఊళ్లలో విగ్రహాలు పెట్టుకున్న సామాన్య జనం. 2024లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టింది. ఒకనాడు బ్రిటిష్ రెసిడెంట్ నివాసమున్న ఆవరణ అది. 1924లో మొదలైన మహిళా కళాశాల తర్వాతి కాలంలో అక్కడికి మారి, 2022లో విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు అక్కడ చదివే ప్రతి అమ్మాయి పట్టా మీద, బడికి వెళ్లని ఒక చాకలి తల్లి పేరుంటుంది. ఇంతకన్నా గొప్ప గౌరవం ఏముంటుంది!

మిత్రులారా! మనలో చాలామందిమి మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన వాళ్లం. హాస్టల్లో ఉంటున్నామంటే ప్రభుత్వం పెట్టే తిండి తింటున్నారని చులకనగా చూసేవాళ్లు కనబడతారు. కులం పేరు చెప్పడానికి జంకే సందర్భాలూ మనకు ఎదురవుతుంటాయి. అలాంటప్పుడు ఐలమ్మను తలచుకుందాం. కులవృత్తి పేరునే ఆమె తన పేరు ముందు వీరత్వానికి గుర్తుగా నిలిపింది. తాను పండించిన గింజ తనదేనని, అది ఎవరో దయతలచి ఇచ్చేది కాదని నిరూపించింది. మన స్కాలర్‌షిప్, మన మెస్సులోని అన్నం, మన చదువు కూడా అలాంటివే. అవి తాతముత్తాతలు కూలి లేకుండా చేసిన చాకిరికి, చేసిన పోరాటాలకు దక్కిన హక్కులు. వాటిని తలెత్తుకుని అందుకుందాం. బాగా చదివి, మన తర్వాత వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అవి అందేలా చూద్దాం.

వీరనారి చాకలి ఐలమ్మకు మా హాస్టల్ విద్యార్థులందరి తరఫున జోహార్లు!